ఇనుము మానిన వేసవి

పగిలిన కుండకీ పగిలిన ఇనుముకీ మోత ఒకటే. కుండ కొనే ఆడది వేలి కణుపుతో ఓసారి తట్టి చెవి ఒగ్గుతుంది. ఖంగుమంటే చంకనెత్తుకుంటుంది, బొదబొదమంటే దించేస్తుంది. విశాఖ చేపలరేవులో మస్తాన్ మేస్త్రి చిన్న సుత్తితో ఇంజనుకు మూతలా బిగించే సిలిండర్ హెడ్డు మీద తట్టినప్పుడు, పక్కన నిలబడ్డ కాసులమ్మకు ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. అది బొదబొదమంది.

“పోయింది చెల్లెమ్మా,” అన్నాడు మేస్త్రి సుత్తి పక్కన పెట్టి. “మూడో సిలిండరు కాడ, రెండు వాల్వుల నడుమ బీట పడింది. నాలుగు వేళ్ల పొడుగుంది.”

కాసులమ్మ కొడుకు ధనరాజు తల గోక్కున్నాడు. తండ్రి పోయాక ఆ పడవ డ్రైవరు అతనే. “నీళ్లు లాగే గొట్టానికి ప్లాస్టిక్ కవరు అడ్డం పడిపోనాది మేస్త్రీ. నేను సూసేసరికి ఇంజను కుంపటైపోయి ఉన్నాది.”

“ఇప్పుడు సముద్రంలో చేపల కంటే కవర్లే ఎక్కువ పడతన్నాయి కదరా. వాటికే వల కట్టండి, సుఖపడతారు.” మేస్త్రి నవ్వాడు గాని, ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. “ఏడింట్లో ఆరు అయిపోయాయి. ఇదొక్కటైనా నిలబడుతుందనుకున్నా. మామూలు ఇనుమైతే వెల్డింగు పెట్టి చూసేవాణ్ని. ఈ మాయ ఇనుముకి వెల్డింగు పెట్టొద్దన్నారు. పారేసి కొత్తది ఎక్కించండి.”

ఏడంటే ఏడు పడవలు. సముద్రం అడుగున, వెలుతురన్నది ఎరగని చోట, సలసల కాగే నీటిబుగ్గలు ఉన్నాయట. వాటి పక్కన కంటికి ఆనని జీవులు ఇనుము తిని ఇనుమునే కక్కుతూ బతుకుతున్నాయట. పరిశోధనశాలలో హైమావతి అనే డాక్టరమ్మ వాటిని పైకి తెప్పించి, పదకొండేళ్లు సాకి, పోతపోసిన ఇనుములో ఉండే సన్నని బెజ్జాల్లో కాపురం పెట్టించింది. ఇంజను వేడి వాటికి పుట్టింటి వేడి. ఇనుముకు బీట పడితే అవే మేలుకుంటాయి, తుప్పు తిని ఆ బీటలో ఇనుము పేర్చుకుంటూ వస్తాయి, మనిషి ఒంటి మీద గాయం మానినట్టు మానుతుంది అని ఆమె చెప్పింది. పోయిన దసరాకి రేవులో ఏడు పడవలకు ఆ ఇనుముతో చేసిన హెడ్డులు ఇచ్చారు. ఆరు పగిలాయి. పగిలినవి పగిలినట్టే ఉండిపోయాయి.

కాసులమ్మ ఆ ఏడోదాన్ని వంగి చూసింది. బీట నల్లగా, సన్నగా, కాటుక గీతలా ఉంది.

కొత్తది ఎక్కించమనడం మేస్త్రికి తేలిక. ఆమె పెనిమిటి ఓలేసు పడవకు కూడా కొత్తదే ఎక్కించారు. కాగితం విప్పిన వాసన ఇంకా పోని కొత్త హెడ్డు, ఇరవై రోజులు తిరక్కుండా నడిసంద్రంలో పగిలింది. ఇంజను ఆగింది, గాలివాన పట్టుకుంది. నాలుగు రోజుల తరవాత పడవను తాడు కట్టి లాక్కొచ్చారు. అందులో ఆరుగురున్నారు. ఓలేసు లేడు. అది పోయిన ఆగస్టు మాట.

“రేపటినుంచి వేట నేదు కదన్నా,” అంది కాసులమ్మ. “చేప గుడ్డు పెట్టే రెణ్ణెల్లూ పడవ ఒడ్డునే కదా ఉంటాది. పారెయ్యడానికి తొందరేటి?”

“తొందర లేదు. కానీ పారెయ్యాల్సిందే.”

“డాక్టరమ్మ సెప్పినట్టు సేసి సూస్తాను.”

“ఆళ్లారుగురూ సేసినారమ్మా,” అన్నాడు ధనరాజు. “పది రోజులు ఉప్పునీళ్లలో నానబెట్టినారు. నానింది ఆళ్ల కాళ్లే.”

“పది రోజుల్లో నీ మోకాలి దెబ్బే మాననేదు,” అంది ఆమె. అక్కడితో ఆ మాట ముగిసింది.

*

చేపలు ఎండబెట్టే పెరట్లో సిమెంటు తొట్టి ఒకటి ఉంది. నలుగురు కలిసి హెడ్డును అందులోకి దించారు. కాసులమ్మ రోజూ పొద్దునా సాయంత్రమూ సముద్రం నీళ్లు మోసుకొచ్చి పోసేది. పాత నీళ్లు తీసి కొత్త నీళ్లు పొయ్యాలి, తుప్పు మేత వెయ్యాలి, ఎండ తగలనివ్వాలి, కదపకూడదు: డాక్టరమ్మ చెప్పింది ఇంతే. తుప్పుకు రేవులో కరువా? విరిగిన లంగరు ముక్కలు, పాత మేకులు, కొక్కేలు, ఏది దొరికితే అది చీర చెంగున కట్టుకొచ్చేది.

“అది ఇనుమమ్మా, పురిటి బిడ్డ కాదు,” అన్నాడు ధనరాజు ఒకరోజు, తల్లి మోతలు చూడలేక బిందె అందుకుంటూ.

“పురిటి బిడ్డకైనా ఇన్ని నీళ్లు మొయ్యనేదు. నీకు రెండు చెంబులతో సరిపెట్టీసినాను. అందుకే ఇలా తయారైనావు.”

మొదటి రోజే ఆమె వల అల్లే నైలాను దారం ముక్క తీసి, బీట ఈ కొసన ఒక ముడి, ఆ కొసన ఒక ముడి వేసి, గుమ్మం పక్క మేకుకు తగిలించింది. వారం గడిచాక కొలిచింది. మార్పు లేదు. రెండో వారం కొలిచింది. లేదు. మూడో వారం దారం పరిస్తే, ఆ కొసన ఉన్న ముడి బీట దాటి బియ్యపు గింజంత పక్కకు పడింది.

కాసులమ్మ దారాన్ని అనుమానించింది. నైలాను కదా, ఎండకు సాగిందేమో. ముడుల మధ్య దారాన్ని తన వేళ్ల మీద పరిచి చూసింది, మేస్త్రి చెప్పిన నాలుగు వేళ్లకు సరిగ్గా సరిపోయింది. దారం సాగలేదు. బీటే తగ్గింది. ఇంట్లోకి వెళ్లి కొడుకుతో చెప్పాలనిపించింది. నవ్వుతాడని ఊరుకుంది.

నాలుగో వారం ఒక తెల్లవారుజామున నీళ్లు మార్చడానికి తొట్టిలో చెయ్యి పెట్టింది. తొట్టి గోడ చల్లగా ఉంది. నీళ్లు చల్లగా ఉన్నాయి. హెడ్డు వెచ్చగా ఉంది. ఎండ ఇంకా పుట్టలేదు, పొయ్యి ఇంకా వెలిగించలేదు. ఆ వెచ్చదనం ఎక్కడిది? ఆమె అరచేతిని బీట మీదకు జరిపింది. అక్కడ ఇంకాస్త వెచ్చన. జ్వరపడ్డ పిల్లవాడి నుదురు కాదు, నిద్రపోతున్న పిల్లవాడి నుదురు.

అప్పుడు ధనరాజును లేపింది.

అతను కళ్లు నులుముకుంటూ వచ్చి, తల్లి చెప్పిన చోట చెయ్యి పెట్టి, వెంటనే తీసేశాడు. మళ్లీ పెట్టాడు. ఈసారి తియ్యలేదు. “మేకులేవమ్మా?” అన్నాడు. పోయిన వారం వేసిన గుప్పెడు మేకుల్ని ఆమె నీళ్లలోంచి దేవి తీసింది. బొటనవేలంత లావున్నవి చీపురు పుల్లల్లా అయిపోయి ఉన్నాయి. నీళ్లలో తుప్పు ఎరుపు లేదు. అడుగు దాకా కనబడేంత తేటగా ఉన్నాయి.

“తింటన్నాది,” అన్నాడు ధనరాజు. ఆ రోజు నుంచి రెండో బిందె అతనిదే.

*

వేట నిషేధం ఎత్తెయ్యడానికి ఇంకా తొమ్మిది రోజులుందనగా డాక్టరమ్మ వ్యానులో వచ్చింది. వెనకాల ఆరు హెడ్డులు గోనెసంచుల మీద వరసగా ఉన్నాయి. వ్యానుతో పాటు మస్తాన్ మేస్త్రి కూడా వచ్చాడు.

హైమావతికి నలభై అయిదేళ్లుంటాయి. మొహం వాడిపోయి ఉంది. “పై వాళ్లు ప్రయోగం మూసేశారమ్మా,” అంది. “ఏడూ తీసుకెళ్లి కొలిమికి పంపమన్నారు. మీకు మామూలు ఇనుముతో చేసిన కొత్త హెడ్డు తెచ్చాను. మీదొక్కటే మిగిలింది.”

కాసులమ్మ ఆమెను పెరట్లోకి తీసుకెళ్లి, గుమ్మం పక్క మేకు మీది దారం తీసి చేతిలో పెట్టింది. దారం మీద ఇప్పుడు వారానికొకటి చొప్పున కొత్తగా అయిదు ముడులున్నాయి. హైమావతికి మొదట అర్థం కాలేదు. వంగి బీట చూసింది. నాలుగు వేళ్ల పొడుగున్నది ఒక వేలికి వచ్చింది. మిగతా చోటంతా బీట పోయి, ఆ గీత పొడుగునా సన్నని గట్టులాంటి మచ్చ లేచి ఉంది. చుట్టూ ఉన్న ఇనుము కంటే కాస్త నల్లగా, నునుపుగా.

ఆమె తడి నేల అని కూడా చూడకుండా తొట్టి పక్కన కూలబడింది. చెయ్యి ముంచి ఆ మచ్చ మీద పెట్టి కళ్లు మూసుకుంది. పెరట్లో తాళ్ల మీద ఆరేసిన పాత వలలు గాలికి కదులుతున్నాయి.

“ఏం చేశారు?” అంది చివరికి. “ఏం కలిపారు నీళ్లలో?”

“ఏటీ కలపనేదమ్మా. నువ్వు సెప్పిందే.”

“అందరూ అదే చేశారు. అవే నీళ్లు, అదే తుప్పు. మా గదిలో ఎన్నో ముక్కలు మానాయి. రేవులోకి తెచ్చాకే ఆరూ చచ్చిపోయాయి. ఎందుకో ఎనిమిది నెలలుగా నాకు నిద్ర లేదు.”

మస్తాన్ మేస్త్రి కూడా మచ్చ మీద వేలు పెట్టి, వేలు తీసి, ఆ వేలినే చూసుకుంటూ నిలబడ్డాడు. కాసులమ్మ మటుకు వీధిలోకి నడిచి వ్యాను దగ్గరకు వెళ్లింది. పగిలిన పిడత పక్కన మంచి పిడత పెట్టి చూస్తే తేడా తెలుస్తుందని ఆమె ఆలోచన. ఆరింటినీ ఒక్కొక్కటే తడిమింది. చల్లగా ఉన్నాయి. బోల్టు రంధ్రాల అంచుల్లో, మూలల్లో, మురికి కింద ఏదో గట్టిపడి ఉంది. గోటితో గీరి వాసన చూసింది.

“డాక్టరమ్మా,” అని పిలిచింది. “ఇది పసుపు కదా?”

హైమావతి వచ్చి చూసింది. “అవును. దసరా రోజు పూజ చేశాం కదమ్మా, రేవులో పందిరి వేసి. హెడ్డులన్నిటికీ పసుపు రాసి, బొట్టు పెట్టి ఇచ్చాం.”

“ఆ తరవాత పడవోళ్లు కూడా రాసుంటారు. శుక్రారం శుక్రారం రాస్తారు. పెళ్లికూతురికి రాసినట్టు రాస్తారు.”

“అయితే?”

“మాదానికి రాయనేదు.” కాసులమ్మ గొంతు మామూలుగానే ఉంది. “అప్పటికి మా ఆయన పోయి రెండు నెలలు. మైలింటోళ్లం కదాని పందిట్లోకి రానేదు. మేస్త్రన్న దీన్ని వెనక దారిన తెచ్చి బిగించినాడు. ఏడాది దాకా మా ఇంట పూజ నేదు. నా సేతికి పసుపు నేదు.”

హైమావతి ఆ ఆరింటి వంకా మళ్లీ చూసింది.

“సేప ముక్కకి ఉప్పూ పసుపూ రాస్తే మర్నాటికి సెడదు,” అంది కాసులమ్మ. “ఎందుకు సెడదు? కుళ్లబెట్టే పురుగుని పసుపు సంపేస్తాది. నీ ఇనుములో ఉన్నవీ పురుగులే అన్నావు కదమ్మా.”

హైమావతి వ్యాను తలుపు పట్టుకుంది. వేడినీళ్లలో బతికే జీవుల్ని ఆమె ఆమ్లాల్లో ముంచి చూసింది, నూనెల్లో ముంచి చూసింది, మంచులో పెట్టి చూసింది. వంటింటి డబ్బాలో ఉండే పసుపు సంగతి పదకొండేళ్లలో ఒక్కరికీ తట్టలేదు. ఎలా తడుతుంది, అది మంచి జరగాలని రాసేది కదా.

“ఆ రోజు ఉపవాసం ఉన్నాను,” అంది మెల్లగా. “పళ్లెం పట్టుకున్నది నేనే. ఆరింటికీ నా చేత్తోనే రాశాను.”

కాసులమ్మ ఆమె మోచెయ్యి పట్టుకుని నీడలోకి తీసుకొచ్చి, తాగడానికి నీళ్లిచ్చింది.

*

ఇక తేల్చుకోవాల్సింది మిగిలింది.

“బతికున్నది ఇదొక్కటే,” అంది హైమావతి. “నాకివ్వండమ్మా. ఇది పడవలో వెళ్లి, పడవకేదైనా అయితే, మళ్లీ సముద్రం అడుగు నుంచి మొదలుపెట్టాలి. అంత ఆయుష్షు నాకు లేదు.”

“ఇచ్చెయ్ చెల్లెమ్మా,” అన్నాడు మేస్త్రి. “వింతే, కాదన్ను. కానీ ఏడుగురు మనుషుల ప్రాణం దాని మీద పెట్టమంటే నా చెయ్యి రాదు. ఇంకా వేలెడు బీటుంది. కొత్తది ఎక్కిద్దాం.”

ధనరాజు తలొంచుకుని అన్నాడు, “తొమ్మిదో రోజుకి అందరూ ఎల్లిపోతారమ్మా. నిషేధం ఎత్తీసిన మొదటి వేటే కదా వేటంటే. ఆగితే మనకి మిగిలేది కవర్లే.”

ముగ్గురిదీ న్యాయమే. కాసులమ్మ కొత్త హెడ్డు వంక చూసింది. మీద గీత లేదు, మచ్చ లేదు. తళతళలాడుతోంది. ఓలేసుకు బిగించింది కూడా అచ్చం ఇలాగే మెరిసింది. దాని లోపల ఏముందో అది ఎవరికీ చెప్పలేదు. ఈ తొట్టిలోది అలా కాదు. ఎక్కడ పగిలిందో చూపించింది, ఎంత మానిందో చూపించింది, వారం వారం దారం మీద ముడి వేయించుకుంది. అయినా ఇది తన కొడుకుని మొయ్యాలి. తను నమ్మినంత మాత్రాన ఇనుము ఆగుతుందా?

“పూర్తిగా మాననిద్దాం,” అంది చివరికి. “మానేదాకా పడవ కదలదు. మానినాక అన్న సుత్తితో కొడతాడు. ఖంగుమంటే ఇదే ఎక్కిద్దాం. నేదంటే డాక్టరమ్మ తీసుకెళ్తాది, కొత్తది ఎక్కిద్దాం. డాక్టరమ్మా, నీకు ఇప్పుడు గోటితో గీరినంత ఇస్తాను, సాకి పెంచుకో. పిల్లనిస్తాను గాని తల్లిని ఇవ్వను.”

హైమావతి చిన్న ఆకురాయితో మచ్చ చివర గీరింది. గాజుసీసాలో సముద్రం నీళ్లలో నల్లని నలుసులు నాలుగు తిరిగాయి. సీసాను రెండు చేతుల మధ్యా పెట్టుకుని ఆమె వ్యాను ఎక్కింది. కొత్త హెడ్డు గుమ్మం పక్కనే ఉండిపోయింది.

నిషేధం ముగిసే ముందురోజు రేవంతా గంగమ్మ పండగ. పడవలకు రంగులు వేశారు, పసుపు బిందెలతో కలిపారు. వీధి ఆడవాళ్లు పసుపునీళ్లు చల్లుకుంటూ గడపగడపకీ వస్తున్నారు. కాసులమ్మ పెరటి తలుపు మూసి గడియ పెట్టింది. వీధి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

“మైలింటోళ్లం, రాకండమ్మా,” అంది.

పది నెలలుగా ఆ మాట ఇతరులు అంటే ఆమె విన్నది. విన్నప్పుడల్లా ముల్లు దిగినట్టుండేది. ఆ రోజు తన నోటితో తనే అంది. ఆడవాళ్లు దారి తిప్పుకుని వెళ్లిపోయారు. ఆమె వెళ్లి తొట్టిలో చెయ్యి పెట్టింది. వెచ్చగా ఉంది.

మర్నాడు డప్పులతో పడవలన్నీ వెళ్లిపోయాయి. ధనరాజు ఒడ్డున నిలబడి చివరి పడవ చుక్కయ్యేదాకా చూసి, ఇంటికొచ్చి బిందె అందుకున్నాడు.

*

పడవలు వెళ్లాక ఇంకా పన్నెండు రోజులు పట్టింది. ఆఖరి రోజు దారం పరవడానికి బీటే లేదు.

హెడ్డును పైకి తీసి చెక్క దిమ్మల మీద పెట్టారు. కబురు విని హైమావతి వచ్చింది. మస్తాన్ మేస్త్రి చొక్కా చేతులు మడిచి, సుత్తిని గుడ్డతో రెండుసార్లు తుడిచాడు. నలభై ఏళ్లుగా కొడుతున్న మనిషి, ఎక్కడ కొట్టాలో తెలియనట్టు ఆ ఇనుము చుట్టూ తిరిగాడు. తరవాత మచ్చకు బెత్తెడు దూరంలో తట్టాడు.

ఖంగుమంది.

ఆ మోత వెంటనే ఆగలేదు. పెరటి గోడలకు తగిలి, తొట్టి నీళ్ల మీద సన్నని ముడతలు లేపి, పలచబడుతూ పలచబడుతూ ఎక్కడ ఆగిందో తెలియకుండా ఆగింది. ఎక్కడో సముద్రం అడుగున చీకట్లో, మనిషి పుట్టక ముందునుంచీ ఇనుము తింటూ ఇనుము పేరుస్తూ ఉన్న జీవాలు ఈ పెరట్లో చేపల తొట్టిలో అదే పని చేశాయి. ఎవరూ చూడకుండా, ఎవరూ చెప్పకుండా.

మేస్త్రి సుత్తి కింద పెట్టేశాడు. “కొత్తదాన్నీ కొడతాను,” అని గుమ్మం పక్కనున్న దానిమీద తట్టాడు. అది కూడా బాగానే మోగింది. మోగి, తొందరగా ఆగింది. ఆయన రెండింటి వంకా చూశాడు. “పగిలింది మోగడం నేనెప్పుడూ వినలేదు,” అన్నాడు. “ఎక్కిస్తాను చెల్లెమ్మా. నా చేత్తోనే ఎక్కిస్తాను.”

ధనరాజు అన్నాడు, “కొత్తది కూడా పడవలో ఎయ్యండి. నాకు నమ్మకం నేక కాదు. మా అమ్మకి నిద్ర పట్టాల కదా.”

మూడో రోజు పొద్దున్నే రేవులో ఒకే ఒక్క పడవ బయల్దేరడానికి నిలబడి ఉంది. డప్పు లేదు, పసుపు లేదు, బొట్టు లేదు. రేవు ఆచారం ప్రకారం పడవ బయల్దేరేటప్పుడు పెనిమిటి పోయిన ఆడది ఎదురు రాకూడదు. అందుకని కాసులమ్మ ఎప్పటిలాగే ఐసు గోదాము గోడ వెనక నిలబడింది. అక్కడినుంచి పడవ వెనక భాగం మాత్రమే కనిపిస్తుంది.

“అమ్మా,” అని ధనరాజు పడవ మీద నుంచి కేకేశాడు. “అక్కడున్నావేటి? ఇలాగొచ్చి ఇంజను మీద సెయ్యెయ్యి. ఇక్కడున్నోళ్లందరి సేతులకీ పసుపే, నీ సేతికే నేదు.”

పడవలోని ఆరుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తరవాత పెద్దవాడు చెయ్యి చాపి ఆమెను పడవలోకి ఎక్కించాడు.

ఇంజను అప్పుడే అందుకుంది. కాసులమ్మ వంగి మూడో సిలిండరు దగ్గర పైన అరచెయ్యి ఆనించింది. ఆ ఇనుము కింద వెచ్చదనం మెల్లగా పెరుగుతోంది. తొట్టిలో తెల్లవారుజామున తగిలిన వెచ్చదనమే. ఆమె పెదవులు కదిలాయి. ఏమందో ఇంజను మోతలో ఎవరికీ వినబడలేదు.

దిగాక ఆమె గోడ వెనక్కి వెళ్లలేదు. రేవు కొసన, పడవ దాటి వెళ్లాల్సిన చోట, గట్టు చివర నిలబడింది. పడవ ముక్కు తిప్పి ఆమెకు ఎదురుగా వచ్చింది.